బ్రిడ్జిలో ఇన్వైట్ ఎప్పుడు, ఫోర్సింగ్ ఎప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు రాసి పంపిన బ్రిడ్జి పేకాట పంపకాలన్నీ ఓపికగా చూశాను. ముక్కలు ఆడటంలో నీకు పెద్దగా లోటు లేదు. చిక్కంతా వేలంలో, అంటే ఎన్ని పట్లు తీస్తామో ముందుగా పోటీపడి చెప్పే చోట ఉంది. జవాబు నీకే తెలిసిన చోట జోడీని (ఎదురుగా కూర్చున్న భాగస్వామిని) అడుగుతున్నావు, అడగవలసిన చోట నువ్వే తేల్చేస్తున్నావు.

ఇన్వైట్ చేయడమంటే గేమ్‌కు, అంటే బోనస్ వచ్చే స్థాయికి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయాన్ని జోడీకి అప్పగించడం. జోడీ ఒక నో ట్రంప్‌తో (తురుపు లేకుండా, ఆరు పట్ల పైన ఒకటి) తెరిచి 15 నుంచి 17 పాయింట్లు (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1) చూపిస్తే, కూడిక చేయవలసింది నువ్వే. గేమ్‌కు ఇద్దరికీ కలిపి సుమారు 25 కావాలి. నీ దగ్గర 10 ఉంటే అడగడానికి ఏమీ లేదు, గేమ్‌కు వెళ్లు. 7 ఉంటే జోడీకి గరిష్ఠంగా ఉన్నా చాలవు, ఆగిపో. జోడీ చెప్పే జవాబును బట్టి ఫలితం మారేది 8, 9 దగ్గరే.

అక్కడ కూడా పాయింట్లొక్కటే చూడకు. ఇస్పేటు రాణి, ఆఠీను రాజు, డైమన్ రాణి, కళావరు జాకీ, మిగతావన్నీ చిన్న ముక్కలు, ఆకారం 3-3-4-3: ఇవి 8 పాయింట్లే. డైమన్లలో రాజు, రాణి, పది, తొమ్మిది, మూడు, బయట ఇస్పేటు రాణి, కళావరు జాకీ: ఇవీ 8 పాయింట్లే. మొదటి చేతితో నేను పాస్ అంటాను. రెండో దానిలో అయిదు ముక్కల రంగు ఉంది, నడిమి ముక్కల బలం ఉంది. దానితో తప్పకుండా ఇన్వైట్ చేస్తాను.

ఇన్వైట్ చేసేటప్పుడు పిసినారిగా ఉండు, ఒప్పుకునేటప్పుడు ఉదారంగా ఉండు. రెండు నో ట్రంప్ దగ్గర ఆగి ఒక పట్టు తగ్గడమంత నిష్ఫలమైన ఫలితం ఇంకొకటి లేదు. గేమ్ బోనస్ ఆశే లేని చోట ఒక మెట్టు అదనంగా ఎక్కి పడిపోయినట్టు. టీమ్ పోటీలో వల్నరబుల్‌గా (బోనస్, జరిమానా రెండూ పెరిగే స్థితిలో) ఉన్నప్పుడు లెక్క ఇలా ఉంటుంది. నువ్వు నాలుగు ఇస్పేట్లు చెప్పి గెలిచావు, అవతలి టేబుల్‌లో అవే ముక్కలతో ఆడినవాళ్లు మూడు దగ్గర ఆగి పది పట్లు తీశారు అనుకో. 620కి ఎదురు 170, నీకు 10 ఇంప్‌లు (రెండు టేబుళ్ల స్కోరు తేడాను మార్చి ఇచ్చే పాయింట్లు). అదే తొమ్మిది పట్లే వస్తే నీకు మైనస్ 100, వాళ్లకు 140, పోయేవి 6 ఇంప్‌లు. అంటే నూటికి 38 సార్లు గెలిచే గేమ్ కూడా చెప్పదగినదే. వల్నరబుల్ కానప్పుడు ఈ గీత సుమారు 45కు చేరుతుంది. జంటలు విడివిడిగా పోటీపడే పెయిర్స్ పోటీలో సగానికి సగం అవకాశం లేనిదే గేమ్‌కు ఆరాటపడకు.

రంగులో ఇన్వైట్‌కు ఇంకా మంచి మార్గం ఉంది. నువ్వు ఒక ఇస్పేటు తెరిచావు, జోడీ రెండు ఇస్పేట్లు చెప్పి 6 నుంచి 9 చూపించారు. నీ దగ్గర 16 ఉన్నాయి, కళావరులో రాజుతో నాలుగు ముక్కలు బలహీనంగా ఉన్నాయి. మూడు కళావర్లు చెప్పు. "ఈ రంగులో సాయం ఉందా?" అని దాని అర్థం. జోడీకి అక్కడ మూడు చిన్న ముక్కలుంటే 9 పాయింట్లున్నా వెనక్కి తగ్గాలి. ఒకే కళావరు, నాలుగు తురుపు ముక్కలుంటే 7తోనే గేమ్‌కు వెళ్లాలి. ఇన్వైట్‌కు ఒకసారి కాదన్నాక మళ్లీ నోరు తెరవకు.

ఇక ఫోర్సింగ్, అంటే జోడీ పాస్ అనడానికి వీల్లేని బిడ్ (వేలంలో చెప్పే మాట). గేమ్ ఖాయమని తెలిసి, ఏ గేమో తెలియనప్పుడు కావలసింది సమయం. ఫోర్సింగ్ బిడ్ ఇచ్చేది అదే. జోడీ ఒక డైమన్, నువ్వు ఒక ఇస్పేటు, జోడీ రెండు కళావర్లు అన్నాక నువ్వు చెప్పే రెండు ఆఠీన్లు నాలుగో రంగు. అది ఆఠీన్లు ఉన్నాయని చెప్పడం కాదు, ఇంకా వివరం చెప్పమని కోరడం. జోడీ దగ్గర మూడు ఇస్పేట్లుంటే చూపిస్తారు, ఆఠీన్లలో స్టాపర్ (ఎదుటివాళ్లను ఆపే పెద్ద ముక్క) ఉంటే నో ట్రంప్ అంటారు. చాలామంది దీన్ని గేమ్ వరకు నిర్బంధంగా ఆడతారు. కాబట్టి 10 పాయింట్ల చేతితో దాన్ని వాడావంటే వెనక్కి రావడానికి దారి ఉండదు.

అన్ని కొత్త రంగులూ ఫోర్సింగ్ కావన్నది బాగా గుర్తుంచుకో. ముందే పాస్ అన్నవారు కొత్త రంగు చెబితే జోడీ పాస్ అనవచ్చు. జోడీ ఒక ఆఠీను, నువ్వు ఒక ఇస్పేటు, జోడీ ఒక నో ట్రంప్ అన్న తర్వాత నువ్వు రెండు డైమన్లు అంటే మామూలు పద్ధతిలో అది ఆగిపొమ్మనే మాట. ఒక ఇస్పేటు మీద మూడు ఇస్పేట్లు అనడం పాత గోరెన్ పద్ధతిలో గేమ్‌కు నిర్బంధం, ఏకాల్ పద్ధతిలో ఇన్వైట్. కొత్త జోడీతో కూర్చునే ముందు ఈ మూడింటినీ అడిగి తెలుసుకో.

గేమ్ ఖాయమైన వేలంలో నేరుగా గేమ్‌కు దూకడం మా తరం నుంచీ కనిష్ఠ బలానికి గుర్తు. దూకకుండా ఒక మెట్టు కింద మూడు చెబితే స్లామ్ (పన్నెండు లేదా పదమూడు పట్లు) ఆశ ఉన్నట్టు. నువ్వు పంపిన వాటిలో రెండుచోట్ల దీన్ని తిరగేశావు.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. జోడీ చాలాసేపు తటపటాయించి ఇన్వైట్ చేస్తే, ఆ ఆలస్యంలోని అర్థాన్ని వాడుకోకూడదు. డూప్లికేట్ (అవే ముక్కలు వేర్వేరు టేబుళ్లలో ఆడే పోటీ) నియమాల్లో 16వది దీన్ని నిషేధిస్తుంది. నువ్వూ ముందే ఆలోచించి ఉంచుకో, నీ వంతు వచ్చాక ఒకే వేగంతో చెప్పు. ఈసారి ఆడిన పంపకాలు రాసేటప్పుడు ముక్కలతో పాటు, ప్రతి బిడ్ దగ్గర జోడీకి ఎన్ని పాయింట్లు అనుకున్నావో కూడా రాసి పంపు.

నీ మామయ్య