‘పర్మిషన్ డినైడ్’ వరుసలు గ్రెప్‌కు ఎందుకు చిక్కడం లేదంటే

లినక్స్‌లో ఫైళ్లను వెతికే ‘ఫైండ్’ కమాండు ఫలితాన్ని పైపు (ఒక కమాండు ఫలితాన్ని మరోదానికి అందించే | గుర్తు) ద్వారా, మనం చెప్పిన మాటలున్న వరుసలను తీసేసే ‘గ్రెప్ -వి’కి పంపినా ‘పర్మిషన్ డినైడ్’ (అనుమతి లేదు) వరుసలు తెర మీద కనిపిస్తూనే ఉన్నాయని మీరన్నారు. తప్పు గ్రెప్‌ది కాదండీ, ఆ వరుసలు దాని దాకా రావడమే లేదు. ఫైండ్ మామూలు ఫలితాన్ని 1వ దారిలో, లోపాల సందేశాలను 2వ దారిలో పంపుతుంది. పైపు మోసేది 1ని మాత్రమే. 2 నేరుగా టెర్మినల్‌కు, అంటే తెర మీదకు, వెళ్లిపోతుంది.

కాబట్టి పైపు గుర్తుకు ముందు 2>&1 చేర్చండి. రెండూ కలిసి గ్రెప్‌కు అందుతాయి. చాలామంది 2>/డెవ్/నల్ అని రాసి, లోపాల సందేశాలన్నింటినీ పారేసి చేతులు దులుపుకుంటారు. నాకది నచ్చదు, ఫోల్డరు పేరు తప్పు రాసినప్పుడు వచ్చే సందేశం కూడా దానితో మాయమవుతుంది.

సర్వరు భాష ఇంగ్లీషు కాకపోతే ‘పర్మిషన్ డినైడ్’ సందేశం వేరే మాటల్లో రావచ్చు, అప్పుడు గ్రెప్ దాన్ని పట్టుకోలేదు. ఫైండ్‌కు ముందు ఎల్‌సీ_ఆల్=సీ (సందేశాలు ఇంగ్లీషులోనే రావాలని చెప్పే సెట్టింగు) పెడితే ఆ చిక్కు ఉండదు.

మీ స్క్రిప్టు (కమాండ్లు రాసి ఉంచిన ఫైలు) మొదట్లో ‘సెట్ -ఇ’, అంటే కమాండు విఫలమైతే స్క్రిప్టును ఆపేయమనే ఆదేశం, ఉందా? ఉంటే జాగ్రత్త. వడపోత తర్వాత ఒక్క వరుసా మిగలకపోతే గ్రెప్ 1 అనే ఎగ్జిట్ కోడ్ (కమాండు ముగిసినప్పుడు ఇచ్చే అంకె, 0 కాకపోతే విఫలమైనట్టు లెక్క) ఇస్తుంది, స్క్రిప్టు చప్పుడు లేకుండా అక్కడే ఆగిపోతుంది. ఖాళీ ఫలితం మీకు సమ్మతమే అయితే స్క్రిప్టులో ఆ కమాండు చివర ‘|| ట్రూ’ (విఫలమైనా ముందుకు సాగమని అర్థం) తగిలించండి.