పొరపాటున దాటినా అక్రమమేనా?

సందేహం: మా పక్క పొలం రైతు వరికోత మిషనును చెదిరిపోయిన గట్టు మీదుగా నడిపించి, నాలుగు బారల మేర మా వరి కూడా కోయించుకున్నారు. అదీ తన చేనే అనుకున్నానంటున్నారు. మా ప్లీడరు గారు రాసిన నోటీసులో 'మీరు చేసిన అక్రమణకు బాధ్యులు' అని ఉంది. 'అక్రమణ' సరైన మాటేనా? తెలియక చేసినదాన్ని అక్రమం అనవచ్చా?
(తెనాలి దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: ఈ అర్థంలో 'అక్రమణ' అనే మాట లేదు. 'అక్రమం' తలను, 'ఆక్రమణ' తోకను అతికించగా పుట్టిన మాట అది. అక్రమంలోని 'అ' కాదనే 'అ', అంటే క్రమం కానిది అని. ఆక్రమణలోని 'ఆ' ఉపసర్గ. రెండింటికీ మూలం 'క్రమ్' అనే ధాతువే. దానికి అడుగు వేయడమని అర్థం. మూడడుగులు వేసి లోకాలు కొలిచిన వామనుణ్ణి త్రివిక్రముడన్నది అందుకే. సూర్యుడు ఒక రాశి దాటి మరో రాశిలో అడుగుపెడితే అది సంక్రమణం. మనిషి హద్దు దాటి అడుగు వేస్తే అతిక్రమణ. వేసిన చోటే పాతుకుపోతే ఆక్రమణ.

మీ పొరుగు రైతు పాతుకుపోలేదు, కోసుకుని వెళ్లారు. కాబట్టి దీర్ఘం సరిదిద్ది 'ఆక్రమణ' అని రాసినా మీ నోటీసుకు నప్పదు. గట్టు జరిపి ఏటా దున్నుకుంటూ ఉంటే అప్పుడు వాడండి. ('కబ్జా' జోలికి అసలే పోకండి. తెలంగాణ పాత పహాణీల్లో, అంటే ఊరి భూమి రికార్డుల్లో, 'కబ్జాదారు' అంటే భూమి ఎవరి స్వాధీనంలో ఉందో వారు, అంతే. పత్రికల్లో నలిగి నలిగి పాపం ఆ మాట దొంగ వేషం కట్టింది.)

ఇక రెండో ప్రశ్న. 'అక్రమ ప్రవేశం' న్యాయ పరిభాషలో స్థిరపడిన మాట, తప్పనను. కానీ వినేవారికి అందులో దురుద్దేశం వాసన కొడుతుంది. 'చొరబాటు' అంటే మరీను, అందులో చాటుమాటు కూడా ఉంది. తమాషా ఏమిటంటే చొరబడు నుంచి చొరబాటు, పొరపడు నుంచి పొరపాటు: రెండూ ఒకే అచ్చులో పోసినవి. ఒకటి నేరానికీ ఒకటి క్షమాపణకూ పనికొస్తున్నాయి.

అయితే పొరపాటు అన్నంత మాత్రాన బాధ్యత తప్పుతుందా? ఇక్కడ భాషా, చట్టమూ ఒకే దారిన నడుస్తాయి. 'పొరపాటున కోశాడు' అన్న వాక్యంలో పొరపాటు తలపుకు సంబంధించినది, కోత చేతికి సంబంధించినది. చేయి తాను అనుకున్న పనే చేసింది. 1681లో ఇంగ్లండులో సరిగ్గా మీ తగాదాయే వచ్చింది. బేస్లీ, క్లార్క్‌సన్ అనే ఇద్దరి వ్యాజ్యమది. తన నేలలో గడ్డి కోస్తూ ఒకాయన పొరపాటున పక్కవాడి గడ్డి కూడా కోశాడు. కోయడం ఇష్టపూర్వకంగా చేసిన పనే గనుక, మనసులో ఏమనుకున్నాడన్నది అక్కరలేదని కోర్టు అతణ్ణే బాధ్యుణ్ణి చేసింది. అంతకుముందు 1647 నాటి స్మిత్, స్టోన్ వ్యాజ్యంలో మాత్రం, తనను ఇతరులు బలవంతంగా మోసుకెళ్లి పక్క నేలలో పడేశారన్న మనిషికి బాధ్యత లేదన్నారు. తెలుగు క్రియలు ఈ తేడాను ఇట్టే పట్టిస్తాయి: మొదటివాడు 'దాటాడు', రెండోవాడు 'దాటించబడ్డాడు'. (కర్మణి ప్రయోగాన్ని నేను సాధారణంగా ఇష్టపడను గానీ, ఇక్కడ అది లేకపోతే పని జరగదు.) మన సివిల్ కోర్టులు అనుసరించేదీ ఈ ఆంగ్ల న్యాయ సంప్రదాయాన్నే.

క్రిమినల్ కేసు సంగతి వేరు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద అక్రమ ప్రవేశం నేరమనిపించుకోవాలంటే నేరం చేయాలనో, స్వాధీనదారుణ్ణి బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉండాలి. అందుచేత మీ పొరుగు రైతు 'బాధ్యుడు' కావచ్చు గానీ, ఆయన చెప్పేది నిజమైతే 'నేరస్థుడు' కాడు. ప్లీడరు గారు 'బాధ్యులు' అని రాయడం సరిగ్గా సరిపోయింది.

నోటీసును ఇలా మార్చమనండి: 'మీరు హద్దు అతిక్రమించి మా పొలంలో ప్రవేశించి వరి కోయించినందున, కలిగిన నష్టానికి బాధ్యులు.' 'పొరపాటున' అనే మాట మీరు చేర్చనక్కరలేదు, అది ఆయన జవాబులో రాసుకుంటారు.