డిపాజిట్ సంగతి తర్వాత, ముందు క్రెడిట్ల లెక్క చూడండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఎక్స్ఛేంజ్ కింద ఒక సెమిస్టర్ యూరప్‌లో చదివే అవకాశం వచ్చింది. అక్కడి ఖర్చుకు సరిపడా డబ్బు డిపాజిట్‌లో ఉంది కానీ, గడువు తీరడానికి ఇంకా ఏడాది పైనే పడుతుంది. దాన్ని మధ్యలో తీసేయాలా, లోన్ తీసుకోవాలా? అక్కడ చదివిన సబ్జెక్టులకు ఇక్కడ క్రెడిట్లు ఇస్తారో లేదోనని కూడా టెన్షన్‌గా ఉంది.

జవాబు: డిపాజిట్ గురించి ముందు చెప్పేస్తాను, అది సులువైన భాగం. మొత్తం ఒకేసారి తీయకండి. వీసా, టికెట్, ఇన్సూరెన్స్, గది అడ్వాన్స్ బయల్దేరే ముందే కట్టాలి. నెలవారీ ఖర్చు మాత్రం నెలనెలా వచ్చేదే. మొదటి విడతకు కావలసినంతే తీసి, మిగతాదానికి డిపాజిట్ మీదే అప్పు ఇస్తారేమో బ్యాంకులో అడగండి. ముందుగా తీస్తే పోయే వడ్డీ ఎంత, ఆ అప్పుకు కట్టే వడ్డీ ఎంత అని పక్కపక్కన రాసుకుంటే ఏది మేలో తెలిసిపోతుంది. ఐదారు నెలల చదువు కోసం ఏళ్ల తరబడి తీర్చే విద్యారుణం మీకు అవసరం లేదు. ఒక మెలిక మాత్రం ఉంది. వీసాకు ఖాతాలో ఇంత డబ్బు చూపాలని కొన్ని దేశాలు అడుగుతాయి. తాకట్టులో ఉన్న డిపాజిట్‌ను అందులో లెక్కిస్తారో లేదో కనుక్కున్నాకే అప్పు సంగతి తేల్చుకోండి.

ఇక మీరు చివర్లో అడిగారే, క్రెడిట్ల మాట, నా దృష్టిలో మీ అసలు డబ్బు ప్రశ్న అదే. ఎక్స్ఛేంజ్‌లో మామూలుగా సొంత యూనివర్సిటీకే ఫీజు కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. అందుకే ఇది చవకగా కనిపిస్తుంది. కానీ క్రెడిట్లు చాలక డిగ్రీ ఒక సెమిస్టర్ సాగిందంటే ఆ ఫీజు, ఆ ఖర్చు మళ్లీ పడతాయి, ఉద్యోగంలో రావలసిన ఆరు నెలల జీతం కూడా పోతుంది. విమానం టికెట్‌లో ఎంత బేరమాడినా ఆ నష్టం పూడదు.

యూరప్‌లో ఎక్కువ యూనివర్సిటీలు ఈసీటీఎస్ అనే క్రెడిట్ పద్ధతి వాడతాయి. ఏడాదికి 60, సెమిస్టర్‌కు 30. ఒక్క క్రెడిట్ అంటే క్లాసులూ సొంత చదువూ కలిపి 25 నుంచి 30 గంటల పని. మీ అమ్మాయి యూనివర్సిటీలో సెమిస్టర్‌కు 22 క్రెడిట్లు కావాలనుకుందాం. అక్కడి సెమిస్టర్ ఇక్కడి సెమిస్టర్‌కు సమానం అని డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంటే 30కి 22 వస్తాయి. అలా కాకుండా, అమెరికాలో ఎక్కువగా చేసినట్టు రెండు ఈసీటీఎస్‌లకు ఒక క్రెడిట్ అంటే వచ్చేవి 15 మాత్రమే. అదే చదువు, అవే మార్కులు, అయినా ఏడు క్రెడిట్లు తక్కువ! ఏ లెక్క వాడతారో మాటగా కాదు, కాగితం మీద రాయించుకోవాలి. లెర్నింగ్ అగ్రిమెంట్ అనే పత్రం ఉండేది అందుకే. అక్కడి ఏ సబ్జెక్టు ఇక్కడి ఏ సబ్జెక్టుకు బదులో అందులో ఒక్కొక్కటిగా ఉండాలి. మొత్తం క్రెడిట్లు కుదిరినా, కోర్ సబ్జెక్టు, అంటే తప్పనిసరిగా చదవాల్సినదాని స్థానంలో ఎలక్టివ్‌గా, అంటే ఇష్టప్రకారం ఎంచుకునేదిగా రాసుకుంటే ఆ కోర్ మిగిలే ఉంటుంది.

ఆ కోర్ ఏడాదికి ఒక్కసారే చెప్పేదైతే, పైగా తర్వాతి సబ్జెక్టుకు అది ముందే పూర్తయి ఉండాలంటే, జారేది సెమిస్టర్ కాదు, ఏడాది. అందుకే నా సలహా: కోర్‌లు వీలైనంత వరకు ఇక్కడే, ఎలక్టివ్‌లు అక్కడ. ఆమోదం మాత్రం కావలసిన వాటికంటే రెండు మూడు ఎక్కువ సబ్జెక్టులకు తీసుకోమనండి. అక్కడికి వెళ్లాక టైమ్‌టేబుల్ కుదరకపోవడం, సీట్లు నిండిపోవడం మామూలే. మార్పు ఏదైనా ఈమెయిల్‌లో ఒప్పుకోలు వచ్చాకే చేయాలి. సిలబస్ కాపీలు దాచుకోవాలి.

తేదీలు కూడా చూడండి. జర్మనీలో శీతాకాలం సెమిస్టర్ మామూలుగా అక్టోబర్ నుంచి మార్చి దాకా. క్లాసులు అయ్యాక ఫిబ్రవరిలోనో మార్చిలోనో పరీక్షలు. ఇక్కడ తర్వాతి సెమిస్టర్ జనవరిలోనే మొదలైతే రెండూ ఢీకొంటాయి.

చాలా చోట్ల బయటి మార్కులను సగటులో కలపరు, పాస్ అని మాత్రమే రాస్తారు. అమ్మాయి స్కాలర్‌షిప్ మార్కుల సగటు మీదో, కనీస క్రెడిట్ల మీదో ఆధారపడితే ఆ షరతు ఇప్పుడే చదవండి. ఎక్స్ఛేంజ్‌కు విడిగా స్కాలర్‌షిప్ వచ్చినా బడ్జెట్‌లో కలపవద్దు. కొన్నింటిలో చివరి విడత తిరిగొచ్చి మార్కుల పత్రం చూపాకే ఇస్తారు. అక్కడ పార్ట్‌టైమ్ జీతాన్ని కూడా లెక్కలోకి తీసుకోకండి, వచ్చినప్పుడు సంతోషిద్దాం.

విదేశీ డబ్బు ఒకే రోజు కొనకుండా మూడు నాలుగు విడతల్లో కొనండి. రేటు ఎప్పుడు తగ్గుతుందో కనిపెట్టడం నా వల్ల కూడా కాదు. అక్కడ కార్డు గీకేటప్పుడు ఏ కరెన్సీలో అని మెషీన్ అడిగితే అక్కడి కరెన్సీనే ఎంచుకోమనండి. సొంత కరెన్సీ అంటే ఆ మార్పిడి రేటు దుకాణం తరఫు కంపెనీది, సాధారణంగా మనకు నష్టం. గది అడ్వాన్స్ ఖాళీ చేసిన కొన్ని వారాలకు గానీ తిరిగి రాకపోవచ్చు. అది చేతికి అందేదాకా అక్కడి బ్యాంకు ఖాతా మూయవద్దు. మార్కుల పత్రం కోసం దరఖాస్తు పెట్టాకే విమానం ఎక్కాలి.

సంతకాలైన లెర్నింగ్ అగ్రిమెంట్ చేతికి వచ్చేదాకా తిరిగిరాని డబ్బు ఏదీ కట్టకండి. డిపార్ట్‌మెంట్ నాన్చుతుంటే, సీటును తర్వాతి సెమిస్టర్‌కు మార్చే వీలుందేమో ఎక్స్ఛేంజ్ ఆఫీసులో ఈ వారమే అడగమనండి.