జ్వరంలో ఫిట్స్ వస్తే... నిద్ర లేవగానే ఉలిక్కిపడుతుంటే...

ప్రశ్న: మా బాబుకి ఏడాదిన్నర, 10 కిలోలు ఉంటాడు. మొన్న 102 జ్వరంలో కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. రెండు నిమిషాల్లో తగ్గింది. మా అత్తయ్య చేతిలో తాళాలగుత్తి పెట్టి, పళ్ల మధ్య చెంచా దూర్చారు. స్కాన్ అక్కర్లేదన్నారు డాక్టరుగారు. నిజంగా అక్కర్లేదా? ఇది మూర్ఛగా మారుతుందా?
- ఒక తల్లి, గాజువాక

జవాబు: ఆయన చెప్పింది సరైనదే. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరంలో ఫిట్స్ వస్తాయి. ఒళ్లంతా కొట్టుకుని, 15 నిమిషాల్లోపు ఆగి, 24 గంటల్లో మళ్లీ రాకుండా, తర్వాత బిడ్డ మామూలుగా ఉంటే స్కాన్, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) అక్కర్లేదు. ఇంకో జ్వరంలో మళ్లీ రావడం ముగ్గురిలో ఒకరికి ఉంటుంది. మూర్ఛగా మారేది చాలా కొద్దిమందిలోనే.

ఫిట్ తనంతట తానే ఆగింది, తాళాల వల్ల కాదు. చెంచా మాత్రం ఇంకెప్పుడూ వద్దు. పాలపళ్లు విరిగి ఊపిరితిత్తుల్లోకి పోగలవు. నాలుక మింగేయడమంటూ ఉండదు. బాబుని నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నురగ దానంతటదే కారిపోతుంది. కొట్టుకునే చేతుల్ని అదిమిపట్టకండి, నీళ్లు పొయ్యకండి. గడియారం చూడండి. భయంలో ఒక నిమిషం పదిలా అనిపిస్తుంది కాబట్టి ఈ పని తప్పనిసరి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేసి, డాక్టరు రాసిచ్చి ఉంటే, ఫిట్‌ని ఆపే మిడజోలం స్ప్రే ముక్కులో కొట్టాలి. ఒక్కో నొక్కుకి 0.5 మిల్లీగ్రాములు వచ్చే సీసాలున్నాయి, 1.25 వచ్చేవీ ఉన్నాయి. అందుకే ఏ ముక్కు రంధ్రంలో ఎన్నిసార్లో మీ సీసాకి తగ్గట్టు చీటీ మీద రాయించుకోండి. కొత్త సీసాని ముందు గాలిలోకి నొక్కి, తుంపర వచ్చాకే వాడాలి. లేకపోతే మొదటి నొక్కులు ఖాళీగా పోతాయి.

పారాసిటమాల్ ఒంటి సలుపు తగ్గిస్తుంది, ఫిట్‌ని ఆపదు. ఇచ్చేది కిలోకి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. మీ బాబుకి 150. అంటే 5 మి.లీ.లో 250 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే 3 మి.లీ., 125 ఉన్నదైతే 6 మి.లీ. సీసా మారినప్పుడు పాత కొలతే పోయడం ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు.

ఫిట్ తగ్గాక గంటైనా మత్తు వదలకపోయినా, మెడ బిగుసుకున్నా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మెదడువాపు కాదని తేల్చాలి.

ప్రశ్న: మా పాపకి ఆరో నెల. నిద్ర లేవగానే తల ముందుకు వాల్చి, రెండు చేతులూ పైకి విసురుతుంది. ఒకదాని వెంట ఒకటి పది, పదిహేనుసార్లు. ఉలికిపాటు, గ్యాస్ అంటున్నారు పెద్దవాళ్లు.
- ఒక తండ్రి, మధురవాడ

జవాబు: ఉలికిపాటు చప్పుడుకి వస్తుంది, ఒక్కసారితో పోతుంది. ఇలా వరుస కడితే పసిపిల్లల స్పాజమ్స్ అనే ఒక రకం ఫిట్స్ అని అనుమానించాలి. చూడ్డానికి చిన్నగా ఉన్నా ఇది పై ఉత్తరంలోని ఫిట్ కన్నా ఎంతో ప్రమాదం. జ్వరం ఉండదు, నురగ రాదు, అందుకే వారాలు గడిచిపోతాయి. ఈలోగా నవ్వడం, చూపు నిలపడం తగ్గిపోతాయి. చికిత్స ఆలస్యమైన కొద్దీ ఎదుగుదల దెబ్బతింటుంది.

రేపు పొద్దున దుప్పటి తీసి, వెలుతురులో, కళ్లూ చేతులూ కనబడేలా రెండు నిమిషాలు వీడియో తీయండి. రేపే విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగంలోగాని, పిల్లల న్యూరాలజిస్టుకిగాని చూపించండి. నిద్రలో కూడా ఈఈజీ తీయాలి, మెలకువలో తీసినదే చూస్తే దొరక్కపోవచ్చు. ఏసీటీహెచ్ ఇంజెక్షన్లు, ప్రెడ్నిసొలోన్, విగాబాట్రిన్... కారణాన్నిబట్టి వీటిలో ఒకటి మొదలుపెడతారు. పుట్టగానే ఏడవకపోయినా, షుగర్ పడిపోయినా, ఒంటి మీద తెల్లమచ్చలున్నా చెప్పండి. ఓపీ చీటీ రాయించేటప్పుడే "నిద్ర లేవగానే వరుసగా వస్తున్నాయి" అనండి. లోపల పిలిచేదాకా ఆగొద్దు.