వీధి ఫోటోలో సమాజాన్ని ఎలా చదవాలి?

రోడ్డు మీద తీసిన మామూలు ఫోటోలో సమాజం ఎక్కడ కనిపిస్తుందన్నది ప్రశ్న.

ముఖాలు కాసేపు పక్కన పెట్టి చేతులు, సామాన్లు చూడండి. మహబూబ్‌నగర్‌లో పొద్దున్నే కూలీల అడ్డా దగ్గర నేను తీసిన ఫోటో ఒకటుంది. పైపైన చూస్తే జనం ఖాళీగా నిలబడ్డట్టే ఉంటుంది. దగ్గరగా చూస్తే ఒకాయన చేతిలో తాపీ, పక్కాయన భుజాన పార, వెనక వరసలో ఆడవాళ్ల దగ్గర సద్ది సంచులు. అందరి చూపూ అప్పుడే బైకు ఆపిన మేస్త్రీ మీదే. అతనొక్కడే కూర్చుని ఉన్నాడు. ఎవరి అవసరం ఎవరితో ఉందో అక్కడే తెలిసిపోతుంది.

పని కోసం ఊళ్లు వదిలి వెళ్లే పాలమూరు (మహబూబ్‌నగర్ ప్రాంతం) వలసల సంగతి ఎరిగినవాళ్లకు ఆ సంచులు ఇంకా చాలా చెబుతాయి, ఎరగనివాళ్లకు ఉత్త సంచులే. ముఖం చూసి కులం, కష్టం తేల్చేయడం మాత్రం నాకు నచ్చదు.

తీసినవాడు ఎక్కడున్నాడో కూడా చూడాలి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ 1938-41 మధ్య న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో కోటు కింద కెమెరా దాచి ఫోటోలు తీశాడు. అందుకే వాటిలో పోజులుండవు. నా ఫోటోలో ఒక ముసలమ్మ సూటిగా నావైపే చూస్తోంది. నన్నూ పనికి పిలవడానికి వచ్చినవాణ్నే అనుకుందేమో.