మీ సందేహం – డాక్టర్ సమాధానం

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, వచ్చే నెలలో పెళ్లి. చిన్నప్పటి నుంచి కబడ్డీ ఆడాను, సైకిల్ తొక్కాను. మొదటి రాత్రి రక్తం కనిపించకపోతే ఆయన అనుమానిస్తారేమోనని భయంగా ఉంది. ముందే పరీక్ష చేయించుకోవాలా?

జవాబు: అవసరం లేదమ్మా. కన్నెపొర యోనిద్వారాన్ని మూసి ఉంచే తెర కాదు. అంచు చుట్టూ ఉండే, సాగే గుణమున్న పలుచని మడత మాత్రమే, మధ్యలో సహజంగానే ఖాళీ ఉంటుంది కనుకనే నెలసరి రక్తం బయటికి వస్తుంది. తొలి కలయికలో చాలామందికి రక్తం రాదు. వచ్చినా, కంగారులో తగినంత తడి లేక ఒరుసుకోవడం వల్లా కావచ్చు. (దుప్పటి మీద మరక వెతికే పెద్దలకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు!) కన్యత్వాన్ని ఏ డాక్టరూ చూసి నిర్ధారించలేరు. అత్యాచార బాధితులకు చేస్తూ వచ్చిన 'రెండు వేళ్ల పరీక్ష'కు (యోనిలోకి వేళ్లు పెట్టి లైంగిక అనుభవం ఉందో లేదో చూడడం) శాస్త్రీయ ఆధారం లేదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది.