టైమౌట్ ఎంతకు పెంచాలి?

ప్రశ్న: లోడ్ టెస్టుల టూల్ జేమీటర్‌లో జేఎంఎస్ (జావా ప్రోగ్రాముల మధ్య మెసేజీల పద్ధతి) పాయింట్-టు-పాయింట్ శాంప్లర్‌తో లోడ్ టెస్టు చేస్తున్నాను. అది క్యూలో మెసేజీ పెట్టి జవాబు కోసం ఆగుతుంది. 50 థ్రెడ్లకు (ఒక్కోటి ఒక యూజర్ లెక్క) బాగానే ఉంది, 300 పెడితే కాసేపటికే అన్నీ టైమౌట్. జవాబు కోసం ఆగే ఈ గడువు ఇప్పుడు 2,000 మిల్లీసెకన్లు. క్యూలోంచి మెసేజీలు తీసి పూర్తిచేసే కన్స్యూమర్లు 10, ఒక్కో మెసేజీకి 100 మిల్లీసెకన్లు పడుతోంది. టైమౌట్ ఎంతకు పెంచమంటారు?
– ఒక టెస్టర్, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ముందు లెక్క వేయండి. ఒక కన్స్యూమర్ సెకనుకు 10 మెసేజీలు చేస్తే, పదీ కలిసి 100. 300 థ్రెడ్లు ఒకేసారి పంపితే చివరిదాని వంతు వచ్చేసరికి 3 సెకన్లు. 50 థ్రెడ్లకు అర సెకనే కాబట్టి అప్పుడు తేడా కనబడలేదు.

అసలు నష్టం ఆ తర్వాతే. టైమౌట్ అయిన థ్రెడ్ వెంటనే కొత్త మెసేజీ పంపుతుంది, పాతది మాత్రం క్యూలోనే ఉంటుంది. కన్స్యూమర్ దాన్నీ పూర్తి చేస్తుంది, ఆలస్యంగా వచ్చిన ఆ జవాబును జేమీటర్ పారేస్తుంది. అన్ని థ్రెడ్లూ 2 సెకన్లు కాచుకుని మళ్లీ పంపితే సెకనుకు 150 వస్తాయి, 100 పూర్తవుతాయి. నిమిషానికి 3,000 పేరుకుపోతాయి. ఇక ఏ జవాబూ వేళకు రాదు.

టైమౌట్ 5,000 చేస్తే ఎర్రర్లు ఆగుతాయి, 3 సెకన్ల ఆలస్యం అలాగే ఉంటుంది. 2 సెకన్లలో జవాబు రావాలన్నది మీ నిబంధన అయితే టైమౌట్ ముట్టుకోకండి. కన్స్యూమర్లు కనీసం 15 కావాలి, 20 పెడితే నిశ్చింత. అయితే వాటి వెనకున్న డేటాబేస్ తట్టుకోలేకపోతే ఆ 100 మిల్లీసెకన్లే పెరుగుతాయి, కన్స్యూమర్లు పెంచాక దాన్ని మళ్లీ కొలవండి.

శాంప్లర్‌లో ఎక్స్‌పైరేషన్ డిఫాల్టు 0, అంటే మెసేజీకి గడువే లేదు. అక్కడా 2,000 పెట్టండి, టైమౌట్ అయిన పాత మెసేజీలు క్యూలో పేరుకోవు. పంపే మెషీన్, బ్రోకర్ (క్యూలను నడిపే సర్వర్) గడియారాలు కలిసి ఉండాలి, లేదంటే మంచి మెసేజీలూ గడువు దాటినవాటి కింద పోతాయి. ప్రతి టెస్టుకూ ముందు రిక్వెస్ట్, రిప్లై క్యూలు రెండూ ఖాళీ చేయడం మరవకండి. మీ బ్రోకర్ యాక్టివ్‌ఎంక్యూ క్లాసిక్ అయితే క్యూ ప్రీఫెచ్ (ఒక కన్స్యూమర్ ముందే తెచ్చిపెట్టుకునే మెసేజీల సంఖ్య) డిఫాల్టు 1,000. ఒక కన్స్యూమరే వందల మెసేజీలు పట్టుకుని, పక్కది ఖాళీగా కూర్చుంటుంది. దాన్ని 1 చేసి చూడండి.

ఒకే థ్రెడ్‌తోనూ టైమౌట్ వస్తే అది లోడ్ సమస్య కాదు. కోరిలేషన్ ఐడీ (ఏ జవాబు ఏ మెసేజీదో చెప్పే గుర్తు) సరిపోలడం లేదేమో చూడండి.

ప్రశ్న: మెసేజీలు చేరవేసే కాఫ్కాలో డెలివరీ టైమౌట్ (మెసేజీ చేరడానికి ఇచ్చే మొత్తం గడువు) 20 సెకన్లు చేస్తే ప్రొడ్యూసర్ (మెసేజీలు పంపే ప్రోగ్రామ్) మొదలవడమే లేదు.
– ఎలక్ట్రానిక్ సిటీ, బెంగళూరు

జవాబు: రిక్వెస్ట్ టైమౌట్ (ఒక్కో ప్రయత్నానికి ఆగే గడువు) డిఫాల్టు 30 సెకన్లు. దానికి లింగర్ (మెసేజీలను గుంపుగా పంపేందుకు ఆగే వ్యవధి) కలిపితే వచ్చే మొత్తానికి డెలివరీ టైమౌట్ తగ్గకూడదు. రిక్వెస్ట్ టైమౌట్ 8 సెకన్లు చేయండి, ఒకసారి విఫలమైనా రెండో ప్రయత్నానికి వ్యవధి మిగులుతుంది.